రోజ్‌మేరీ మిద్దె మీద బతుకుతుందా? పొలంలో వేస్తే డబ్బులొస్తాయా?

ఎర్రనేల_గుత్తి:
అందరికీ నమస్కారం. మాది గుత్తి దగ్గర పల్లె. మూడెకరాల ఎర్రనేల ఉంది, సగం గరప, అంటే కంకర నేల. బోరులో రెండించుల నీళ్లు వస్తాయి, మార్చి దాటితే అవీ తగ్గిపోతాయి. ఏటా శెనక్కాయే వేస్తున్నాం, వానను నమ్ముకుని. మొన్న ఒకాయన ఊరికి వచ్చి రోజ్‌మేరీ అనే సువాసన మొక్క వేయమన్నాడు. మొక్కలు వాళ్లే ఇస్తారట, ఆకు వాళ్లే కొంటారట, ఎకరాకు ఏటా నాలుగైదు లక్షలు మిగులుతాయట. మొక్కల డబ్బు మాత్రం ముందే కట్టాలి. మా చెల్లెలు జుట్టు కోసమని నర్సరీలో ఒక మొక్క కొనుక్కొచ్చింది, అది జూన్ కల్లా ఎండిపోయింది. కుండీలోనే బతకనిది పొలంలో బతుకుతుందా అని మా నాన్న అడుగుతున్నాడు. ఇంట్లో పెంచినవాళ్లు, పొలంలో వేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మిద్దెతోట_కడప:
తమ్ముడూ, ముందు కుండీ సంగతి నేను చెబుతాను. కడప ఎండలో మా మిద్దె మీద రోజ్‌మేరీ చక్కగా ఉంది, ఇప్పుడది మోకాలెత్తు పొద. మీ చెల్లెలి మొక్క ఎండకు పోయిందని మీరు అనుకుంటున్నారు. నాకైతే నీళ్లు ఎక్కువై పోయిందనిపిస్తోంది. మన దగ్గర ఈ మొక్కలు ఎక్కువగా చచ్చేది అలాగే.

ఎలాగంటే, వేరు కుళ్లడం మొదలైతే పై కొమ్మలు వాలిపోతాయి. చూసేవాళ్లకు అది దాహంలాగే కనిపిస్తుంది. అయ్యో ఎండకు వాడిపోయిందని ఇంకో చెంబు పోస్తారు. వారంలో మొక్క అయిపోతుంది. తేడా ఇలా తెలుసుకోండి. నీళ్లు చాలకపోతే ఆకు గలగలమని ఎండుతుంది, ఆకుపచ్చ రంగు కొంచెం మిగిలే ఉంటుంది. వేరు కుళ్లితే అడుగు ఆకులు నల్లబడి మెత్తగా రాలతాయి, మట్టి దగ్గర ముక్కు పెడితే మురుగు వాసన వస్తుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, తడి తగలనప్పుడే నీళ్లు పోయండి. పోసేటప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి, మళ్లీ ఆరేదాకా ముట్టుకోకూడదు. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం ఈ మొక్కకు పనికిరాదు.

మట్టి: ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు. కొబ్బరి పొట్టు ఎక్కువ వేయొద్దు, తడి పట్టి ఉంచుతుంది. నర్సరీవాళ్లు మొక్కను అచ్చంగా కొబ్బరి పొట్టులోనే పెంచి అమ్ముతుంటారు. ఇంటికి తెచ్చాక వేరు చుట్టూ ఉన్న ఆ పొట్టును మెల్లగా విదిలించి కొత్త మట్టిలోకి మార్చండి. ప్లాస్టిక్ కుండీ కన్నా మట్టి కుండీ మేలు, పక్కల నుంచి కూడా తేమ ఆరుతుంది.

ఎండ సంగతి. దీనికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, ఇంట్లో కిటికీ దగ్గర పెడితే సన్నగా సాగిపోతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో కడపలో మిద్దె కాంక్రీటు కాలు పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడి కుండీ అడుగు నుంచి వేరుకు తగులుతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి. పొద్దుటి ఎండ తగిలి, పన్నెండు తర్వాత నీడ వచ్చే చోటికి జరపండి, లేదా సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టండి. ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పైపులోంచి సలసల కాగుతూ వస్తాయి, ఆ నీళ్లు పోయొద్దు.

రేగడి_ఆదోని:
మేడమ్, మాది నల్లరేగడి. పెరట్లో నేరుగా నాటొచ్చా? కుండీల గొడవ లేకుండా?

మిద్దెతోట_కడప:
రేగడిలో నేరుగా వద్దు సార్. వానకు ఆ నేల ముద్దయి నీళ్లు నిలుస్తాయి, ఎండకు పగుళ్లు తీసి వేరు తెగుతుంది. ముతక ఇసుక, కంకర, ఎర్రమట్టి కలిపి మోకాలి సగం ఎత్తున కట్ట పోసి దాని మీద నాటితే ఆదోనిలో కూడా బతుకుతుంది.

బాటనీ_కర్నూలు:
పై సమాధానం చాలా బాగుంది. ఈ మొక్క మన దగ్గర ఎక్కడ ఇబ్బంది పడుతుందో అర్థం కావాలంటే దాని పుట్టిల్లు చూడాలి. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న కొండ వాలుల్లో, సున్నపురాళ్ల నేలల్లో పెరిగే మొక్క ఇది. అక్కడ వాన చలికాలంలో పడుతుంది. ఎండాకాలం పూర్తిగా పొడి. అంటే వేడి ఉన్నప్పుడు నేలలో తడి ఉండదు, తడి ఉన్నప్పుడు వేడి ఉండదు. మన సీమలో జూన్ నుంచి అక్టోబరు దాకా రెండూ కలిసి వస్తాయి. వేడి, తడి కలిసిన మట్టిలోనే వేరుకుళ్లు శిలీంధ్రాలు రెచ్చిపోతాయి. కాబట్టి నిజమైన పరీక్ష మే నెలలో కన్నా ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉంటుంది. కడపవాళ్లు నవంబరు తుఫాను వానలను కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఆకును తిప్పి చూడండి. అంచులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, అడుగున తెల్లటి సన్నని నూగు ఉంటుంది. నీటిని ఆవిరి కానివ్వకుండా దాచుకునే ఏర్పాటు అది. అనంతపురం లాంటి తక్కువ వాన పడే చోట దీని మీద ఆశ పుట్టడానికి కారణం కూడా అదే. తులసి, మరువం, వామాకు ఉన్న కుటుంబమే దీనిదీ. శాస్త్రీయంగా ఇప్పుడు సాల్వియా ప్రజాతిలో చేర్చారు, 2017 నుంచి ఆ పేరు వాడుకలో ఉంది. పాత పుస్తకాల్లో రోస్మారినస్ అఫిసినాలిస్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

ఇంకో విషయం ఎత్తు. మన దేశంలో పేరున్న రోజ్‌మేరీ నీలగిరులది. ఊటీ సముద్ర మట్టానికి 2,200 మీటర్ల పైన ఉంది. బెంగళూరు 900 మీటర్లు. హిందూపురం 600 పైచిలుకు, అనంతపురం 350 లోపు, కర్నూలు 280 దగ్గర, కడప 140 కూడా లేదు. ఊటీలో వచ్చిన దిగుబడి లెక్కలు పట్టుకుని ఎవరైనా కర్నూలులో ఎకరాకు ఇంత అని చెబితే నమ్మకండి. హిందూపురం, మడకశిర వైపు వాతావరణం బెంగళూరుకు దగ్గర, అక్కడ ధైర్యం చేయొచ్చు. గుత్తి మధ్యస్థం.

నర్సరీపని_హిందూపురం:
నేను నర్సరీలో పనిచేస్తాను, కొమ్మలు నాటడం రోజూ చేసే పని. గుత్తి అన్నా, మొక్కలు డబ్బు పెట్టి వేలల్లో కొనే అవసరం లేదు. విత్తనం మాత్రం తేవొద్దు. మొలక శాతం తక్కువ, మొలిచినా వారాల తరబడి ఆలస్యం, పెరిగినవి ఒకదానికొకటి పోలిక ఉండవు. మంచి తల్లి మొక్కలు ఒక పదో పదిహేనో తెచ్చుకుని, వాటి కొమ్మలతోనే పొలమంతా నింపుకోవచ్చు.

కొమ్మ మరీ లేతగా ఉండకూడదు, మరీ చెక్కలా ముదరకూడదు. వంచితే వంగి, వదిలితే నిలబడే కొమ్మ తీసుకోండి. నాలుగైదు అంగుళాలు కోసి, కింది సగం ఆకు దూసేయండి. పూత ఉన్న కొమ్మ వద్దు. కణుపు కింద ఏటవాలుగా కోసి, వేరు హార్మోన్ పొడి అద్ది, ఇసుకలో సగం కొబ్బరి పొట్టు కలిపిన ట్రేలో గుచ్చండి. ఇక్కడ మాత్రం పొట్టు పనికొస్తుంది, ఎందుకంటే వేరు పుట్టేదాకా కొంచెం తేమ కావాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు దిగుతుంది. కొమ్మను మెల్లగా పైకి లాగితే పట్టు తగలాలి. రోజూ లాగి చూడకండి, పుట్టిన సన్న వేర్లు తెగిపోతాయి. మా అనుభవంలో నవంబరు నుంచి జనవరి దాకా గుచ్చినవి బాగా నాటుకుంటాయి. జులైలో కూడా చేయొచ్చు, పైన వాన పడకుండా కప్పు ఉండాలి.

పొలంలో నాటేది నవంబరులో, పెద్ద వానలు వెనకబట్టాక. అప్పుడైతే ఎండాకాలం వచ్చేసరికి వేరు లోపలికి దిగి ఉంటుంది. ఫిబ్రవరిలో నాటితే మాత్రం మే దాటించడం చాలా కష్టం.

ఎర్రనేల_గుత్తి:
చాలా థాంక్స్ అన్నా, మేడమ్, సార్. మా నాన్నకు చదివి వినిపించాను. నీళ్లు ఎక్కువై చచ్చిందంటే ఆయన నమ్మలేదు గానీ, చెల్లెలు రోజూ రెండు పూటలా పోసేదని ఒప్పుకుంది. ఇక డబ్బు లెక్క ఎవరైనా చెప్పండి. మొక్క పదిహేను రూపాయలంటున్నాడు ఆయన.

రైతుసంఘం_అనంతపురం:
మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో ఖాతాలు చూస్తుంటాను. లెక్క వేద్దాం.

వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 45 అనుకుంటే ఎకరాకు సుమారు 15,000 మొక్కలు పడతాయి. ఆయన చెప్పిన ధరకు మొక్కలకే 2,25,000 రూపాయలు. డ్రిప్పు, కట్టలు, కలుపు కూలీ దీనికి అదనం. ఇంత డబ్బు మొదటి కోతకు ముందే మీ చేతి నుంచి పోతుంది. మొదటి కోత రావడానికి ఎనిమిది నెలలకు పైనే పడుతుంది. ఆయనకు మాత్రం లాభం మొక్కలు దిగిన రోజే వచ్చేస్తుంది. తర్వాత ఆకు కొన్నా కొనకపోయినా ఆయనకు నష్టం లేదు. నాకు ఇందులో భయం వేసేది ఇదే. మన జిల్లాల్లో కలబంద, సఫేద్ ముస్లీ అనే మందు దుంప విషయంలో ఎందరు రైతులు ఇలాగే మునిగారో పెద్దవాళ్లను అడగండి. మా బంధువుల ఊళ్లో తిరిగి కొంటామన్నవాళ్ల ఫోన్ రెండో ఏడాదికి మోగడం మానేసింది, పంట పొలంలోనే ముదిరిపోయింది.

దిగుబడి: కొండ ప్రాంతాల లెక్క హెక్టారుకు ఏటా 10 నుంచి 12 టన్నుల పచ్చి ఆకు. అంటే ఎకరాకు నాలుగు టన్నులు, అది కూడా తోట బాగా కుదురుకున్నాక. పచ్చి ఆకులో నూనె సుమారు అర శాతం నుంచి ఒక శాతం లోపు. నాలుగు టన్నులకు 20 నుంచి 40 కిలోల నూనె. ఎండబెడితే పచ్చి బరువులో పావు వంతు మిగులుతుంది, అందులోంచి కాడ తీసేయాలి. ఈ అంకెల ఎదురుగా కొనేవాడు చెప్పే ధర రాసుకుని, కోత కూలీ, రవాణా తీసేసి చూడండి. నాలుగైదు లక్షలు మిగలాలంటే ధర ఎంత ఉండాలో మీకే తెలుస్తుంది. ఆ ధర ఇస్తామని కాగితం మీద రాసి సంతకం పెడతాడేమో అడగండి. అగ్రిమెంటులో కనీస ధర, ఆకులో తేమ ఎంత ఉండొచ్చు, రవాణా ఎవరిది, కొనకపోతే మొక్కల డబ్బు వాపసు ఉందా, ఈ నాలుగూ ఉండాలి. నోటిమాట మీద ఒక్క రూపాయి కట్టొద్దు.

నూనె కోసమైతే ఆవిరి బట్టీ కావాలి. ఒక ఎకరం కోసం బట్టీ పెట్టుకోవడం కిట్టుబాటు కాదు. మీ దగ్గర్లో నిమ్మగడ్డి, పామారోజా లాంటి సువాసన నూనె గడ్డి పండించేవాళ్లకు బట్టీ ఉంటే కూలికి ఆడించుకోవచ్చు. కోసిన ఆకును ఎంత దూరం మోయాలో చూసుకోండి. చల్లార్చే నీళ్లు కూడా బాగా కావాలి, మే నెలలో మీ బోరు దానికి సరిపోదు.

నిమ్మగడ్డి_పెనుకొండ:
నేనైతే గుత్తి తమ్ముడికి రోజ్‌మేరీ వద్దే వద్దంటాను. మా దగ్గర పామారోజా, నిమ్మగడ్డి వేస్తున్నాం. గరప నేలలో వస్తాయి, ఒక వాన ఎగ్గొట్టినా చావవు, ఏడాదికి మూడు కోతలు తీస్తాం. నూనె కొనే వ్యాపారులు ఉన్నారు. రోజ్‌మేరీకి మన చుట్టుపక్కల అలాంటి వ్యాపారి ఒక్కడూ నాకు కనబడలేదు. పంట పండించడం మనకు కొత్త కాదు. అమ్ముకునే చోటు లేని పంట ఎందుకు?

నర్సరీపని_హిందూపురం:
పెనుకొండ అన్న మాట పెద్ద పొలానికి నిజమే. కానీ అయిదు సెంట్లకు, పది సెంట్లకు అది వర్తించదు. మాకు బెంగళూరు దగ్గర. హోటళ్లకు, సూపర్ మార్కెట్లకు కూరగాయలు పంపేవాళ్లు పుదీనా, సెలెరీలతో పాటు పచ్చి రోజ్‌మేరీ కొమ్మలు కూడా అడుగుతున్నారు. అడిగేది కొంచెమే, కట్టలుగా కావాలి, వారం వారం కావాలి. ఎకరాల్లో వేసినవాడి కన్నా కొంచెం వేసి వారం వారం పంపగలిగినవాడికే అక్కడ పని జరుగుతుంది. కుండీల్లో మొక్కలుగా అమ్మితే ఇంకా నయం, ఇప్పుడు జుట్టు పిచ్చిలో మొక్క అడగని ఇల్లు లేదు.

నిమ్మగడ్డి_పెనుకొండ:
అయిదు సెంట్లయితే నాకూ అభ్యంతరం లేదు. అప్పు చేయకుండా ఎంత వేయగలిగితే అంత వేసుకోనీ.

మందులషాపు_ప్రొద్దుటూరు:
జుట్టు మాట వచ్చింది కాబట్టి రెండు మాటలు. నేను ఫార్మసిస్టును, రోజూ ఎవరో ఒకరు రోజ్‌మేరీ నూనె అడుగుతారు. 2015లో ఇరాన్‌లో ఒక పరీక్ష జరిగింది. వంద మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజ్‌మేరీ నూనె, ఇంకో జట్టుకు మినాక్సిడిల్ అనే జుట్టు మందు (రెండు శాతం) ఆరు నెలలు వాడారు. మూడు నెలలకు ఏ జట్టులోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు, ఆరు నెలలకు రెండింటిలోనూ జుట్టు కొంత పెరిగింది. ఏ మందూ వాడని జట్టు అందులో లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే హడావుడిలో చాలా భాగం ఈ ఒక్క చిన్న పరీక్ష చుట్టూనే తిరుగుతోంది. వాడుకోండి, కానీ నెల రోజుల్లో బట్టతల మీద జుట్టు వస్తుందని ఆశపెట్టుకోకండి.

జాగ్రత్త ఒకటి. చిన్న సీసాల్లో అమ్మే గాఢమైన నూనె నేరుగా తలకు రాయకూడదు, చర్మం మండి ఎర్రబడుతుంది. రెండు చెంచాల కొబ్బరి నూనెలో నాలుగైదు చుక్కలు కలిపి, ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. ఇంట్లో ఆకును కొబ్బరి నూనెలో నానబెట్టి చేసుకునేది వేరే సరుకు, అంత గాఢం కాదు. ఆకు తడి లేకుండా ఆరాకే నూనెలో వేయండి, లేకపోతే బూజు పడుతుంది. ఆకు మరగబెట్టిన నీళ్లు ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకు మించి ఉంచొద్దు. గర్భిణులు కూరలో చిటికెడు వేసుకుంటే పరవాలేదు గానీ, కషాయాలుగా తాగకూడదు. గాఢమైన నూనె ఎవరూ కడుపులోకి తీసుకోకూడదు.

చెల్లెలు_గుత్తి:
అన్న ఫోన్‌లోంచి కాకుండా నా అకౌంట్ నుంచే అడుగుతున్నా. కొత్త మొక్క తెచ్చాను, ఈసారి వేలు గుచ్చి చూసే పోస్తున్నా. ఆకుల మీద సన్నటి తెల్ల చుక్కలు వచ్చాయి, ఆకు కళ తప్పి బూడిద రంగుకు తిరిగింది. ఇది బూడిద తెగులా?

మిద్దెతోట_కడప:
అమ్మాయీ, ఒక తెల్ల కాగితం కొమ్మ కింద పట్టుకుని కొమ్మను రెండు దెబ్బలు తట్టు. కాగితం మీద పడిన చుక్కలు కదిలితే అది నల్లి, ఆకు రసం పీల్చే సన్న పురుగు. బూడిద తెగులైతే ఆకు మీద పిండి చల్లినట్టు ఉంటుంది, వేలితో తుడిస్తే అంటుకుంటుంది. పొడి వేడికి నల్లి విపరీతంగా పెరుగుతుంది. పొద్దున్నే నీటి ధారతో ఆకు అడుగు వైపు బాగా కడుగు, రెండు రోజులకోసారి అలా చెయ్యి. తగ్గకపోతే వేపనూనెలో కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కొట్టిన ఆకును వారం దాకా తలకు గానీ వంటకు గానీ కోయొద్దు.

చెల్లెలు_గుత్తి:
కదులుతున్నాయి అక్కా! ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడే కడుగుతాను.

ఎర్రనేల_గుత్తి:
ఇంట్లో మాట్లాడుకున్నాం. వచ్చినాయనకు డబ్బు కట్టడం లేదు. అగ్రిమెంటు అడిగితే ఇప్పుడు అవసరం లేదు, నమ్మకం ముఖ్యం అన్నాడు, అక్కడితో నాన్నే వద్దన్నాడు. శెనక్కాయ ఎప్పటిలాగే వేస్తాం. బోరు పక్కన అయిదు సెంట్లు గరప ముక్క ఉంది, అందులో మాత్రం సొంత కొమ్మలతో నవంబరుకు నాటుదామనుకుంటున్నాం. 750 మొక్కలు పడతాయని లెక్క వేశా. నేల ఎలా సిద్ధం చేయాలి, మంచి రకం ఎక్కడ దొరుకుతుంది, కోత ఎలా?

బాటనీ_కర్నూలు:
సరైన నిర్ణయం. మంచి తల్లి మొక్కల కోసం సీఎస్‌ఐఆర్ వాళ్ల సీమ్యాప్‌ను సంప్రదించండి. ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ అది. ప్రధాన కేంద్రం లక్నోలో ఉంది, మనకు దగ్గరగా హైదరాబాద్‌లోని బోడుప్పల్‌లో, బెంగళూరులో పరిశోధన కేంద్రాలున్నాయి. వాళ్లు విడుదల చేసిన సిమ్-హరియాలి రకం గురించి అడగండి, బెంగళూరు కేంద్రం అయితే మన వాతావరణానికి దగ్గరి మాట చెబుతుంది. సీఎస్‌ఐఆర్ అరోమా మిషన్ కింద రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. నాటే ముందు మట్టి, బోరు నీళ్లు రెండూ పరీక్ష చేయించండి. మీకు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు బనవాసి. కొంచెం సున్నం ఉన్న నేల పరవాలేదు, చౌడు మాత్రం పనికిరాదు.

నర్సరీపని_హిందూపురం:
కోత సంగతి నేను చెబుతా. ముదురు చెక్క దాకా ఎప్పుడూ కోయకూడదు. ఆకు లేని ఎండు కాడ మీద కోస్తే అక్కడి నుంచి మళ్లీ చిగురు రాదు, ఆ కొమ్మ అంతే. పచ్చగా ఉన్న పైభాగం మూడో వంతు మాత్రమే తీయండి. మొదటి ఏడాది డబ్బు కోసం కోయొద్దు, గుబురు కట్టడానికి చివళ్లు తుంచండి. తుంచినవి పారేయకుండా ట్రేలో గుచ్చుకుంటే అవే కొత్త మొక్కలు. కట్టలు జానెడు ఎత్తున పోసి, మధ్య కాలువ వాలుగా తీయండి, వాన పడిన గంటలో నీళ్లు బయటికి పోవాలి. డ్రిప్పు చుక్క మొదలు మీదే పడకుండా బెత్తెడు దూరంలో పెట్టండి. యూరియా వేయొద్దు, ఆకు పెరుగుతుంది గానీ వాసన పలచబడుతుంది.

రైతుసంఘం_అనంతపురం:
ఎండు ఆకు అమ్మాలనుకుంటే నీడలోనే ఆరబెట్టండి. రోడ్డు మీద శెనక్కాయ పోసినట్టు ఎండలో పోస్తే రంగు గోధుమకు తిరిగి, నూనె ఎగిరిపోతుంది. గాలి ఆడే కొట్టంలో పలచగా పరిచి రోజూ తిరగేయండి. ఆకు చిదిమితే పటుక్కుమనాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. తర్వాత కాడ నుంచి దూసి గాలి చొరబడని డబ్బాల్లో పెట్టండి. అర కిలో నమూనా సిద్ధమైతే మా సంఘానికి పంపండి, మసాలాలు, హెర్బల్ టీ ప్యాక్ చేసేవాళ్లకు మా దగ్గరి మునగాకు పొడితో పాటు చూపిస్తాను. ధర వాళ్ల నోటి నుంచి వచ్చాకే మిగతా సెంట్ల గురించి ఆలోచిద్దాం.

ఎర్రనేల_గుత్తి:
తప్పకుండా పంపుతాను సార్. హిందూపురం అన్నా, పచ్చి కొమ్మలు బెంగళూరుకు పంపేటప్పుడు కొత్తిమీరలాగా నీళ్లు చల్లి గోనెలో కట్టాలా?

నర్సరీపని_హిందూపురం:
వద్దు వద్దు. తడి తగిలితే తెల్లారేసరికి ఆకు నల్లబడుతుంది. మంచు ఆరాక, ఎండ ముదరక ముందే కోయండి. జానెడు కొమ్మలు సమానంగా పేర్చి రబ్బరు బ్యాండు వేసి, రంధ్రాలున్న అట్టపెట్టెలో కాగితం పరిచి నిలువుగా సర్దండి. సాయంత్రం బండికి ఎక్కిస్తే తెల్లారేసరికి మార్కెట్లో ఉంటాయి. మొదటి పెట్టె సిద్ధమైనప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, మా సరుకు తీసుకెళ్లే డ్రైవర్ గుత్తి మీదుగానే వస్తాడు.